లీదియా చెవి

పలకను రెండు వేళ్లతో మూల పట్టుకుని వేలాడదీయడం, కుడిచేతి నడిమి వేలు మడిచి కణుపుతో ఒక్క దెబ్బ కొట్టడం, తల ఎడమకు వంచి వినడం. మోగితే కుడివైపు దొంతరలోకి, మోగకపోతే ఎడమవైపు చెత్తలోకి. పొద్దున ఏడింటికి లీదియా గోనెపట్టా మీద కూర్చుందంటే మధ్యాహ్నం గంట కొట్టేదాకా ఇదే పని. మార్కాపురం పలకల కార్ఖానాలో ఇరవై రెండేళ్లుగా ఇదే మూల. ఎక్కడెక్కడి పిల్లలో అ ఆలు దిద్దుకున్న పలకలు ఎన్ని ఆమె కణుపు దెబ్బ తిని పోయాయో చెప్పలేం. ఆమెకు మాత్రం అక్షరం ముక్క రాదు. అందులో వింతేమీ లేదు, ఆ కార్ఖానాలో పనిచేసేవాళ్లలో చాలామందికి రాదు.

వెంట్రుకవాసి బీట కంటికి కనబడదు. పెట్టెకెక్కి, రైలెక్కి, ఎక్కడో పిల్లవాడి ఒళ్లో రెండు ముక్కలైనప్పుడు బయటపడుతుంది. దాన్ని ముందే పట్టుకునేది చెవి ఒక్కటే. "మా లీదియక్క చెవి దాటిన పలక విరగదు" అని మేస్త్రీ ఆదెయ్య వచ్చిన వ్యాపారస్తులందరి దగ్గరా గొప్పలు పోయేవాడు. ఆ మాట విన్నప్పుడు లీదియా తల ఎత్తేది కాదు గానీ, ఆ పూట దెబ్బ కాస్త హుషారుగా పడేది.

మనిషికి నలభై ఆరేళ్లు. అరవై అన్నా ఎవరూ కాదనరు. పలకల దుమ్ము జుట్టులో, కనుబొమల్లో, మెడ ముడతల్లో చేరి ఇక కడిగినా పోనంతగా స్థిరపడిపోయింది. నడిమి వేలి కణుపు మీద శనగగింజంత కాయ. విని విని మెడ ఎడమకు వంగిపోయింది. ఆదివారం చర్చిలో కూర్చున్నా అలాగే వంగి ఉండేది. పాస్టరుగారు కొత్తలో తన ప్రసంగం మహా శ్రద్ధగా వింటోందనుకుని సంబరపడ్డాడు. ఆమె మొగుడు యోసేపు రాయిని ఉలితో పొరలుగా విప్పేవాడు. ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లో చేరి, నలభై నిండకుండానే దగ్గి దగ్గి పోయాడు. ఆ దగ్గే ఇప్పుడు లీదియాకూ వచ్చింది. పలక వినేటప్పుడు మాత్రం దగ్గును గొంతులోనే పట్టి ఉంచడం నేర్చుకుంది.

ఆ రోజు మూడో దొంతర నడుమ ఆమె చెయ్యి ఆగిపోయింది. పలక మోగింది. మోగిన వెనకే, సన్నగా, ఇంకోసారి మోగింది. తను కొట్టింది ఒక్కటే దెబ్బ.

పక్కకు చూసింది. ఆడవాళ్లు తలలు వంచుకుని పలకలకు చట్రాలు బిగిస్తున్నారు. ఇంకో పలక తీసింది. కొట్టింది. మోత, దాని వెనక ఇంకో మోత. ఎవరో అవతలి నుంచి బదులు కొట్టినట్టు. పది రోజులుగా గోడల్లో వినబడుతున్నది ఇవాళ పలకల్లోకీ వచ్చింది.

గోడల సంగతి చెప్పాలంటే భూమి కదిలిన రోజు నుంచి రావాలి. ఆ ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం, జనం అన్నాల ముందు కూర్చున్న వేళ, నేల అడుగున బండి పోయినట్టు ఒక పెద్ద చప్పుడు వచ్చి, ఊరంతా ఒక్కసారి ఊగింది. ఒంగోలు వైపు ఇంకా గట్టిగా ఊగిందని తర్వాత చెప్పుకున్నారు. ఇక్కడ బురదమట్టి అడుసుతో పేర్చిన రాతిగోడల మిద్దెలు బీటలిచ్చాయి. రెండు కూలాయి. ఊరి బయట, లీదియావాళ్ల పల్లెలో బోదగడ్డి గుడిసెలు మాత్రం ఊగి ఊరుకున్నాయి. పెద్దిళ్లవాళ్లు వీధిన పడితే గుడిసెలవాళ్లు ఇంట్లో పడుకోవడం ఆ ఊరి చరిత్రలో అదే మొదటిసారి. కర్నూలు నుంచి ఓవర్సీరు వచ్చి బీటలు కొలిచి రాసుకుపోయాడు. లోపల పడుకోవచ్చా, కూడదా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

మూడో రోజు కార్ఖానాలో పని మొదలుపెట్టబోతే లీదియా షెడ్డు గోడను ఊరికే, అలవాటుకొద్దీ, కణుపుతో ఒకటి కొట్టింది. చెవి ఆనించింది. లేచి, "అందరూ ఎలపలికి పాండి" అంది. కొందరు నవ్వారు. అయినా ఆదెయ్య అందర్నీ బయటికి పంపాడు. మధ్యాహ్నానికి ఆ గోడ తనంతట తనే కూర్చుండిపోయింది. ఆ సాయంత్రానికే పల్లె దారిలో పెద్దిళ్లవాళ్లు కనబడ్డారు. అప్పటి నుంచి రోజూ పని దిగాక ఒకటో రెండో ఇళ్లు. ఆమె వింటుంది. "మోగింది, పోండి" అంటే ఆ ఇంటివాళ్లు మంచాలు లోపలికి తీసుకుపోతారు. తల అడ్డంగా ఊపితే గోడ విప్పించుకుంటారు. ఇప్పటికి పద్ధెనిమిది ఇళ్లలోకి జనం తిరిగి వెళ్లారు. ఒక్క మాటా తప్పలేదు.

ఇప్పుడు చెవి పాడైపోతే? మోగనిది మోగిందంటే?

మధ్యాహ్నం గంట కొట్టాక సద్దిమూట విప్పుకుంటుంటే ఆదెయ్య వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"లీదియక్కా, సాయంత్రం నాగేశ్వర్లు శెట్టిగారింటికి పోవాల. కోడలుపిల్లకు నెలలు నిండినాయి. రేపు పొద్దున ఇంట్లో దిగడానికి మంచిదని అయ్యవారు చెప్పినాడంట. నువ్వు ఒక్క మాట అంటే అయిపాయె."

"మోగకపోతే?"

"ఎందుకు మోగదు? రాతిగోడ. తాతలనాటిది."

"తాతలనాటిదని దానికి తెలుసునా ఆదెయ్యా?"

ఆదెయ్య నవ్వి, మళ్లీ మొహం గంభీరంగా పెట్టుకున్నాడు. "మబ్బు చూసినావా? రాత్రికో రేపటికో వాన దిగుతాది. తాటాకు పందిట్లో కాన్పు ఎట్ల? పసిబిడ్డను ఎట్ల కాపాడుకుంటారు?"

లీదియా సద్దిముద్ద కలిపింది. తన చెవి సంగతి చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే ఇంకెవర్ని పిలుస్తారు? ఎవర్నీ పిలవరు, ఊరికే దిగిపోతారు. ముద్ద నోట్లో పెట్టుకుంది.

శెట్ల వీధిలోకి వచ్చేసరికి ఎండ పసుపు రంగుకు తిరిగింది. గాలి లేదు. వీధి పొడవునా నడిమధ్యన మంచాలు, పందిళ్లు, మూడురాళ్ల పొయ్యిలు. అటూ ఇటూ ఇంకా వంతు రాని, తలుపులు బార్లా తెరిచిన ఖాళీ ఇళ్లు. ఇంటి లక్ష్మి చీకట్లో ఉండకూడదని రోజూ ఈ వేళకు ఇంటికొకరు ఊపిరి బిగబట్టి లోపలికి పరుగెత్తి, దేవుడి గూట్లో దీపం వెలిగించి, వెనక్కి చూడకుండా బయటికి పరుగెత్తుకొస్తారు. మనిషి లేని ఇళ్లలో దీపాలు వెలుగుతుంటాయి. వీధిలో మనుషులు చీకట్లో కూర్చుని వాటిని చూస్తుంటారు. నెల కావస్తున్నా ఎవరూ గొంతెత్తి మాట్లాడటం లేదు. చిన్నపిల్లలకు కూడా గుసగుసలు అలవాటైపోయాయి.

శెట్టిగారి ఇల్లు వీధి చివర. నాగేశ్వర్లు వేరుశనగ వ్యాపారి, ముప్పై దాటని మనిషి. తల్లి రంగనాయకమ్మ మాట జవదాటడు. అతని భార్య కామేశ్వరి పందిట్లో మంచం మీద చేతులు వెనక్కి ఆనించి కూర్చుని ఉంది. ఇది మూడో కాన్పు. మొదటి రెండూ గిద్దలూరులో పుట్టింట్లో జరిగాయి గానీ ఇద్దరు పిల్లలూ దక్కలేదు. ఈసారి అత్తింట్లోనే, పడమటి గదిలో, రంగనాయకమ్మ తన నలుగుర్నీ కన్న చోటే జరగాలని ముసలామె మొక్కుకుంది. అందుకే ఆ తొందర.

ఈ ఇంటి ముందు లీదియా ఎన్నిసార్లు నిలబడిందో! ఎప్పుడొచ్చినా వీధిలోనే. అరుగు మీది నుంచి గింజలు ఎత్తి పోస్తే కొంగులో పట్టుకునేది. ఇప్పుడు అదే ఇంటివాళ్లు దేవుడి గదిదాకా వెళ్లి చెవి ఆనించి రమ్మంటున్నారు. ఆమె వెళ్లిపోయాక ప్రతి ఇంట్లోనూ పసుపునీళ్లు చల్లుతారని లీదియాకు తెలుసు. తెలిసి కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. గోడ దగ్గరికి పోయేసరికి మాత్రం ఆ కోపం ఎటో పోయేది. గోడకు చెవి పెట్టినప్పుడు లీదియాకు ఇంకేమీ గుర్తుండేది కాదు.

కామేశ్వరి పొయ్యి దగ్గరి ముంతలోంచి మజ్జిగ వంచి, స్టీలు గ్లాసు అరుగు అంచున పెట్టింది. పుట్టింటివాళ్లు పెట్టిన కొత్త గ్లాసు. చుక్కలు చుక్కలుగా పేరు చెక్కి ఉంది.

"ఆ గ్లాసు ఎందుకమ్మీ?" అంది రంగనాయకమ్మ గొంతు తగ్గించి. "చిప్పలో పొయ్యి."

"చిప్ప ఇంట్లో ఉండాది అత్తా. నన్ను లోపలికి పోవద్దన్నారు గదా."

ముసలామె మొహం తిప్పుకుంది. లీదియాకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొస్తుందని ఆపుకుంది. "వచ్చినాక తాగుతాలే తల్లీ. ఇప్పుడు తాగితే కడుపులో గుడగుడ చెవికి అడ్డమొస్తాది."

"లీదియా," అంది కామేశ్వరి ఇంకా మెల్లగా. "వాళ్ల కోసం చెప్పబాక. ఉన్నదే చెప్పు. ఈ బిడ్డన్నా నాకు దక్కాల."

లీదియా తలూపింది. ఆదెయ్య వీధివైపు తిరిగి చెయ్యెత్తాడు. ఆ సైగ అందరికీ తెలిసిందే. ఆమె వింటున్నంతసేపూ వీధి కిక్కురుమనకూడదు. రోకలి ఆగింది. బావి గిలక ఆగింది. ఏడ్చే పిల్లలకు రొమ్ములు అందించారు. లీదియా గడప దాటి లోపలికి పోయింది. ఆమె బయటికి వచ్చేదాకా ఇంకెవరూ లోపలికి రాకూడదన్నది కూడా కట్టుబాటే.

ముందుగది నాలుగు గోడలూ మోగాయి. ప్రతిదాని వెనకా ఆ రెండో చప్పుడు. నడవా మోగింది. దేవుడి గది మోగింది. గూట్లో దీపం నిటారుగా వెలుగుతోంది. దూలాల సందుల్లో పిచ్చుకలు గూళ్లలో సర్దుకుంటున్నాయి. నెల రోజులుగా మనుషులు లేని ఇంట్లో వాటిదే రాజ్యం.

పడమటి గదిలో ఒక్క పిచ్చుక కూడా లేదు. పాత గూళ్లు మూడు ఉన్నాయి, ఖాళీగా. లీదియా వాటిని చాలాసేపు చూసింది. నేల మీద అప్పుడే రాలినంత మెత్తగా, సన్నటి మట్టిపొడి ఒక గీతలా పరుచుకుని ఉంది.

పడమటి గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. చెవి ఆనించింది. రాయి చల్లగా ఉంది. వేలు మడిచి చెయ్యి ఎత్తింది. ఇంకా కొట్టలేదు.

గోడ కొట్టింది.

ఒకటే చప్పుడు, లోపలెక్కడో, మెత్తగా. ఆమె ఊపిరి బిగబట్టింది. కాసేపటికి ఇంకొకటి. కాస్త పైన. లేచి పరుగెత్తుదామనిపించింది. పరుగెత్తలేదు. ఎడమ అరచెయ్యి తన గుండె మీద పెట్టుకుని, కుడి అరచెయ్యి గోడ మీద పరిచింది. గుండె తడబడుతూ కొట్టుకుంటోంది. ఒక దెబ్బ, వెనకే తొందరపడి ఇంకో చిన్న దెబ్బ. పది రోజులుగా ప్రతి గోడలోనూ, పొద్దున ప్రతి పలకలోనూ తన వెనకే మోగినది ఇదే. తన గుండె. అవతల ఎవరూ లేరు, బదులు కొట్టిందీ ఎవరూ కాదు. కుడిచేతి కింద ఉన్నది మాత్రం వేరు. అది గుండెతో కలవడం లేదు. దాని తీరున అది, రాయి మీద నుంచి రాయి, జారుతోంది.

చెవి పాడవలేదన్నమాట. ఆ మాట తెలిసిన క్షణాన లీదియాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. పద్ధెనిమిది ఇళ్లకూ చెప్పింది నిజమే. ఈ గోడ ఉండదు. ఇవాళో రేపో, మనిషి గట్టిగా తలుపు వేసినా చాలు. బయటికి పోయి తల అడ్డంగా ఊపాలి. అంతే, ఆ పని ఒక్కటే మిగిలింది.

లేవబోయింది. అప్పుడొచ్చింది దగ్గు. ఇంతసేపూ పట్టి ఉంచిందంతా ఒక్కసారిగా పైకి తన్నింది. ఈ గదిలో దగ్గకూడదని కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. ఒళ్లంతా అదిరిపోయింది. కళ్ల ముందు నల్లబడింది. తేరుకునేసరికి నేల మీద పక్కకు ఒరిగి ఉంది. కాళ్లు ఎవరివో అన్నట్టున్నాయి. కేకేద్దామంటే గొంతులో గాలే తప్ప మాట లేదు.

మోచేతుల మీద పాకింది. గోడకు దూరంగా, గది గడప దాకా. ఎంతసేపు పట్టిందో ఏమో. గడప మీద తల ఆనించి, వేలు మడిచి, చెక్క మీద కొట్టింది. మూడుసార్లు.

బయట ఎవరో "ఉష్" అన్నారు.

ఆ చెవులకు అన్నీ వినబడుతూనే ఉన్నాయి. పందిట్లో మంచం కిర్రుమనడం, నాగేశ్వర్లు చెప్పులు విప్పి పక్కకు పెట్టడం, ఎవరో పసిబిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టడం. తన కోసమే ఆ నిశ్శబ్దమంతా. మళ్లీ కొట్టింది. ఇంకా నిశ్శబ్దమైపోయింది వీధి. "వింటా ఉండాది, వింటా ఉండాది" అని ఆదెయ్య ఎవరికో గుసగుసగా చెప్పాడు. ఎంత కొడితే అంత నోరు మూసుకుంటున్నారు. ఇంతమంది ఇంత దగ్గర ఉండి ఒక్కరూ రాకపోవడం చూస్తే లీదియాకు ఏడుపొచ్చింది. కన్నీళ్లు గడప పసుపు మీద పడ్డాయి. కణుపు మీది కాయ చితికినా కొట్టడం మానలేదు.

అప్పుడు కామేశ్వరి గొంతు వినబడింది. నెల రోజుల తర్వాత ఆ వీధిలో పైకి లేచిన మొదటి గొంతు అదే.

"అత్తా, అది గోడ చప్పుడు కాదు. చెక్క. గడప మీద కొడతా ఉండాది."

"ఉష్. ఉండమ్మీ."

"ఇందాక చప్పుడు చోటు మారతా వచ్చె. ఇప్పుడు ఒకే కాడ ఉండాది. ఆమె పిలస్తా ఉండాది అత్తా!"

"నువ్వు పోబాక! నిండు మనిషివి..."

బరువైన అడుగులు అరుగు ఎక్కాయి. ముందుగది దాటాయి. నడవాలో పిచ్చుకలు గోలగోలగా లేచాయి. దీపం వెలుగులో కామేశ్వరి పొట్ట, దాని పైన భయంతో తెల్లబోయిన ఆమె మొహం లీదియాకు కనబడ్డాయి. ఇంకో రెండడుగులు వేస్తే గదిలోకి వచ్చేస్తుంది. ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని లీదియా చెయ్యెత్తి అడ్డం పెట్టింది.

"లోపలికి రాబాక తల్లీ."

కామేశ్వరి గడప ఇవతలే ఆగింది. వంగలేక, అక్కడే కూలబడి, లీదియా రెండు చేతులూ పట్టుకుని గడప మీదుగా నడవాలోకి లాక్కుంది. తల తన మోకాలి మీద పెట్టుకుంది. ఎవరినో పిలిచింది, ఎవరూ వెంటనే రాలేదు. లీదియా మెడ ఎడమకు వాలి, చెవి ఆ పిల్ల కడుపుకు ఆనింది. ఆమె కళ్లు ఒకసారి పెద్దవయ్యాయి. వినబడినట్టే ఉంది. పెదవులు కదిలాయి. "మోగతా..." అన్నది కామేశ్వరికి అర్థమైంది. మిగతా మాట రాలేదు.

పల్లె నుంచి మనుషులు మంచం తెచ్చి ఆమెను తీసుకుపోయేసరికి చర్చి గంట కూడా మోగి ఆగింది. వీధిలో ఎవరూ అన్నాలు తినలేదు. లీదియా చెయ్యి అడ్డం పెట్టిన సంగతి కామేశ్వరి చెప్పగా, తెల్లవారాక ఆదెయ్య మోకులు తెప్పించి, అందర్నీ వీధి మొదటికి పంపి, పడమటి గోడకు తాళ్లు వేయించాడు. రెండోసారి లాగాల్సిన పని లేకపోయింది. ముహూర్తం వేళకు ఆ గది ఉన్న చోట ఆకాశం కనబడుతోంది. కూలిన రాళ్ల మధ్య అడుసు ఎక్కడా లేదు, ఎప్పుడో పొడై జారిపోయింది. నాగేశ్వర్లు ఆ రాళ్ల ముందు చాలాసేపు నిలబడి, వెనక్కి వచ్చి భార్య మంచం పక్కన కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం వానలో, తాటాకు పందిట్లో, చుట్టూ నలుగురు ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టుకుని ఉండగా కామేశ్వరికి ఆడపిల్ల పుట్టింది. బిడ్డ కేరుమన్న కేకకు వీధిలో ఎవరూ ఉష్ అనలేదు.

మిగతా ఇంట్లోకి దిగిన రోజున రంగనాయకమ్మ గదిగదికీ పసుపునీళ్లు చల్లి, చీపురు పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. ఒక్క క్షణం ఆగింది. వంగి, చుట్టూ మాత్రం ఊడ్చి, లోపలికి పోయింది. అరుగు అంచున, లీదియా వచ్చి కూర్చుంటే చెయ్యి అందేంత దూరంలో, మజ్జిగలో వాననీళ్లు కలిసి అంచుదాకా నిండిన స్టీలు గ్లాసు అలాగే ఉంది.